వానకు బీమానా, వాన మీద పందెమా

నేను పుట్టి పెరిగింది గద్వాలలో. పెళ్లయి నాగర్‌కర్నూల్ వచ్చాక, కోర్టుకు నడిచి వెళ్లగలిగే దూరంలో రేకుల గది ఒకటి అద్దెకు తీసుకుని వకీలు బోర్డు పెట్టుకున్నాను. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన కాలం అది. వరసగా కరువులు. గట్టు తగాదాలు కూడా తగ్గిపోయాయి. తడి లేని చేనుకు గట్టు ఎక్కడుంటే ఏమిటని మనుషులు కొట్లాడుకోవడం మానేశారు. నా గదికి వచ్చేవాళ్లలో సగం మంది మంచినీళ్లు తాగి, కాసేపు నీడకు కూర్చుని, ఊళ్లో ఎవరెవరు కూలికి పూణే పోయారో చెప్పి వెళ్లిపోయేవాళ్లు.

వాన పాలసీ మా వైపు వచ్చింది ఆ కరువుల మధ్యలోనే. అంతకుముందు పంటల బీమా ఉండేది. దానికి అధికారులు రావాలి, పంట కోసి తూచాలి, మండలం మొత్తానికి దిగుబడి లెక్క కట్టాలి. ఆ డబ్బు చేతికొచ్చేసరికి రైతు దాని సంగతే మరిచిపోయి ఉండేవాడు. వాన పాలసీలో చేను చూసే పనే లేదు. మండలాఫీసు ఆవరణలో వాన కొలిచే పాత్ర ఒకటి ఉంటుంది. విత్తే కాలంలో ఇంత, పూత కాలంలో ఇంత, కోత కాలంలో ఇంత అని ముందే ఒక గీత గీసుకుంటారు. పాత్రలో పడిన నీళ్లు ఆ గీత కంటే తగ్గితే, తగ్గినకొద్దీ కంపెనీ డబ్బు ఇవ్వాలి. చేను ఎండిందా పండిందా అని ఎవరూ అడగరు. పట్టాదారు పాసుబుక్కు కూడా అడగలేదు. ఊళ్లలో పొదుపు సంఘాల ద్వారా అమ్మారు కాబట్టి, కాగితం మీద సెంటు భూమి లేని కౌలు రైతులు సైతం కొన్నారు. వాళ్లకు జీవితంలో దొరికిన మొదటి బీమా అదే.

ఆ దంపతులు కోడేరు దగ్గరి పల్లె నుంచి వచ్చారు. ఇద్దరికీ నలభై దాటి ఉంటాయి. భర్త గడప బయటే చెప్పులు విడిచి, లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. కుర్చీ చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. మాట్లాడింది భార్యే.

"వాన పడలేదని మండలాఫీసోళ్లే రాసిచ్చిండ్రు వకీలమ్మా. పూత మీద ఉన్నప్పుడు ఒక్క వాన లేదు. పల్లి చేను చేన్లనే మాడిపోయింది. మా పక్క చెల్కలోళ్లకు పాలసీ పైసలొచ్చినయి. మాకు రాలే."

"ఎందుకు రాలేదన్నారు?"

"భూమి మాది కాదంట. కౌలుకు చేసెటోళ్లకు పోయెదేముంటదని కంపెనీల అన్నరంట."

అప్పటిదాకా నేల చూస్తున్న భర్త తలెత్తాడు.

"పోయింది మాదే గద," అన్నాడు.

పోయినవేమిటో ఆమె చెప్పింది. విత్తనం, ఎరువు, దున్నిన కిరాయి. బోరు ఎండిపోయాక మోటారు అమ్మేశారు. మేత లేక ఎడ్లను సంతకు తోలుకుపోయి కసాయివాళ్లకే ఇచ్చి వచ్చారు. అది చెప్పేటప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త లేచి బయటికి వెళ్లి చెప్పుల దగ్గర నిలబడ్డాడు.

కేసు చిన్నదే అనుకున్నాను. పాలసీ అమ్మేటప్పుడు భూమి ఎవరిదని అడగనివాళ్లు, డబ్బు ఇచ్చేటప్పుడు అడగడం ఏమిటి? వినియోగదారుల ఫోరంలో ఒక్క వాయిదాకు తేలిపోతుందని వాళ్లకు ధైర్యం చెప్పి పంపాను. సాయంత్రం మా సీనియర్ ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను. నాకు పని నేర్పిన పెద్దాయన ఆయన. అప్పటికే కళ్లు సరిగా కనిపించక కోర్టుకు రావడం తగ్గించారు. అంతా విని, "సులువుగ లేదమ్మా గిది," అన్నారు.

"నీ ఇల్లు కాలితె నీకు నష్టం. అందుకే నీ ఇంటికి నువ్వు బీమా చేస్కోవచ్చు. పక్కోని ఇంటికి నువ్వు బీమా చేసినవనుకో. కాలితె నీకు పోయెదేం లేదు, వచ్చెదే ఉన్నది. దాన్ని చట్టం బీమా అనదు, పందెం అంటది. పందెంల నువ్వు గెలిచినా కోర్టు పైసలిప్పియ్యదు. పందెం ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టమే చెప్తది."

"కానీ చేను ఎండింది వీళ్లదే కదా."

"చేను ఎండిందా లేదా అని ఆ పాలసీల ఏడన్న రాసి ఉన్నదా? గిన్నెల నీళ్ల ముచ్చటే రాసిండ్రు. గిన్నె అందరిదీ. రేపు హైదరాబాదుల కూసున్నోడు సుత గీ పాలసీ కొంటె, వానిక్కూడ పైసలు రావాలె. వాని చేను ఏది? అట్లాంటి దాన్ని షేర్ బజారోళ్లు డెరివేటివ్ అంటరు. సరుకు చేతులు మారదు, ఏదో ఒక అంకె మారితె పైకం మారుతది. సర్కారు ఒప్పిన బజారుల, దాని కాయిదా ప్రకారం చేస్తె అది చెల్లుతది. బయట చేస్తె అదీ పందెం లెక్కనే."

ఆ మాటలు విని ఇంటికొచ్చాను. హైదరాబాద్‌లో నాతో పాటు చదువుకున్న స్నేహితురాలిని అడిగి లా లైబ్రరీ నుంచి పుస్తకాలు తెప్పించుకున్నాను. ఒక పుస్తకంలో వాన ఒప్పందాలనూ అప్పు ఒప్పందాలనూ ఒకే అధ్యాయంలో పెట్టారు. వాన ఒప్పందంలో వాన తగ్గితే డబ్బు చేతులు మారుతుంది. అప్పు ఒప్పందంలో ఎక్కడో ఎవరో తీసుకున్న అప్పు ఎగ్గొడితే డబ్బు చేతులు మారుతుంది. మన ఊళ్లలో జామీను ఉంటుంది. నువ్వు కట్టకపోతే నేను కడతానని అప్పిచ్చినవాడికి మాట ఇవ్వడం. జామీనుదారుకు అప్పు తీసుకున్నవాడు తెలుసు, ఇచ్చినవాడూ తెలుసు. అప్పు ఒప్పందంలో అలా తెలిసి ఉండనక్కర్లేదు. అప్పు ఇవ్వనివాడు కూడా ఆ అప్పు మునిగితే తనకు డబ్బు రావాలని ఫీజు కట్టి ఎదురు చూడవచ్చు. ఇచ్చినవాడు తన నష్టం కోసం కొంటే అది బీమాలా కనిపిస్తుంది. ఇవ్వనివాడు కొంటే పందెంలా కనిపిస్తుంది. కాగితం ఒకటే. కొన్న మనిషి ఎవరన్నదాన్ని బట్టి దాని పేరు మారిపోతోంది.

తర్వాత వచ్చినప్పుడు ఆ భార్యకు ఇదంతా నాకు చేతనైనంతలో విడమరచి చెప్పాను. వేలిముద్ర వేస్తున్న కేసు ఏమిటో ఆమెకు తెలియాలనిపించింది. వాన సంగతి వెంటనే పట్టుకుంది. అప్పు సంగతి దగ్గర ఆగిపోయింది.

"అంటే మేము మునిగితె, మాకు సంబంధమే లేనోనికి లాభమా అక్కా?"

"అలా కూడా జరగొచ్చు."

"వాడు మేము మునగాలని కోరుకుంటడు గద."

ఆమె బయట ఎండలోకి చూస్తూ, "మాది గట్లాంటిది కాదని చెప్పు. మేము వాన రావాలనే మొక్కినం," అంది.

ఫోరం అప్పుడు జిల్లా కేంద్రమైన పాలమూరు పట్టణంలో ఉండేది. అప్పటికి జిల్లా విడిపోలేదు కాబట్టి ఎక్కడివాళ్లమైనా అక్కడికే పోవాలి. మొదటి వాయిదాకు ఆ ఇద్దరూ తెల్లారకముందే బయలుదేరి వచ్చారు. కంపెనీ తరఫు వకీలు హైదరాబాద్ మనిషి. మర్యాదగా మాట్లాడాడు, గొంతు పెంచలేదు.

"ఇది బీమా అంటారా, అయితే ఫిర్యాదుదారుకు భూమి లేదు కాబట్టి బీమా చేసుకునే హక్కే లేదు. ఇది బీమా కాదంటారా, అయితే వాన మీద కాసిన పందెం అవుతుంది, పందెం డబ్బు ఏ ఫోరమూ ఇప్పించలేదు. డెరివేటివ్ అంటారా, ఇది ఏ ఎక్స్ఛేంజీలోనూ జరిగింది కాదు. ఏ దారిన వచ్చినా ఫిర్యాదు నిలబడదు."

మరి అలాంటప్పుడు మీరు దాన్ని ఎందుకు అమ్మారని అడిగాను. ఏజెంటు పొరపాటున అమ్మాడనీ, కట్టిన సొమ్ము వాపసు ఇవ్వడానికి కంపెనీ సిద్ధమేననీ అన్నాడు. ఫోరం అధ్యక్షుడు మాజీ న్యాయమూర్తి. ఆయన చాలాసేపు ఫైలు తిప్పి నా వైపు చూశారు.

"భూమి లేకపోవచ్చమ్మా. పంట వీళ్లదేనని చూపించండి. పంట వీళ్లదైతే నష్టం వీళ్లదే. నష్టం వీళ్లదైతే పందెం అన్న మాట పోతుంది. ఆ సంవత్సరం ఆ చేను చేసింది వీళ్లేనని ఎవరు చెబుతారు?"

అది చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు, భూమి సొంతదారు. పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, సాగు చేసేవారి గడిలో కూడా ఆమె పేరే ఉంది. మా వైపు కౌలు మాట మీదే నడుస్తుంది. కాగితం రాసుకోరు, రాసుకోకపోవడానికే అందరూ జాగ్రత్త పడతారు. ఎందుకంటే తెలంగాణలో పాత కౌలుదారీ చట్టం ఒకటి ఉంది. ఫలానావాడు నా భూమిని కౌలుకు చేస్తున్నాడని పట్టాదారు ఒప్పుకుంటే, రేపు ఆ కౌలుదారు ఆ భూమి మీద హక్కు అడుగుతాడేమోనన్న భయం ఇంటింటా ఉంది. ఆ భయం చాలావరకు చట్టం తెలియని భయమే. అయినా ఎవరికీ ఆ భయం తీరేది కాదు.

సొంతదారు వనపర్తిలో ఉండే ఒక ముస్లిం వృద్ధురాలు. భర్త ఉన్నప్పుడు కోడేరు వైపు వ్యాపారం చేస్తూ ఆ మెట్ట చెలక కొన్నాడట. కౌలు రైతులంతా ఆమెను బీబమ్మ అనేవాళ్లు. ఆ దంపతులు ఆమె భూమిని చాలా ఏళ్లుగా చేస్తున్నారు. కరువులో కౌలు తగ్గించుకునేది, పండిన ఏడు కందులూ పల్లీలూ మూట కట్టి తెచ్చి ఇస్తే వీళ్లకు భోజనం పెట్టి పంపేది. అందుకే ఆమె కాదనదన్న నమ్మకంతో ముగ్గురం వనపర్తి వెళ్లాం.

ఆమె మమ్మల్ని ఆదరంగానే కూర్చోబెట్టింది. చాయ్ ఇచ్చింది. సంగతి చెప్పడం మొదలుపెట్టగానే లోపలి గదిలోంచి పెద్ద కొడుకు వచ్చి నిలబడ్డాడు. ఆ కొడుకుకు పట్టణంలో దుకాణం ఉంది. నేను చెప్పడం పూర్తయ్యేదాకా ఆగి, తల్లితో ఉర్దూలో నాలుగు మాటలు అన్నాడు. ఆమె మొహం మారిపోయింది.

"బిడ్డా, వీళ్లు మంచోళ్లు. నాకు ఎరికే," అంది నాతో. "కానీ కోర్టుల నా నోటి నుంచి కౌలు అన్న మాట వస్తె రేపు మా పిల్లలకు పరేషాన్ అయితది. నాకు ఆ ఒక్క భూమే ఉన్నది."

"అది మీ భూమేనని వీళ్లు రాసిస్తారు అమ్మా," అన్నాను.

"ఇయ్యాల రాసిస్తరు. రేపు వీళ్ల పిల్లలు ఏమంటరో ఎవరికెరుక?" అన్నాడు కొడుకు.

భర్త లేచి బీబమ్మ ముందు చేతులు జోడించాడు. ఆమె మొహం తిప్పుకుని కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

ఆ తర్వాతి వారాల్లో వాళ్ల ఇల్లు ఎలా నడిచిందో నాకు పూర్తిగా తెలియదు. భార్య ఉపాధి కోసం నాగర్‌కర్నూల్ దాకా వచ్చి ఇళ్ల కట్టుబడిలో ఇటుకలు మోసింది. అప్పుడప్పుడు సాయంత్రం నా గది ముందు ఆగేది. వాయిదా ఎప్పుడని అడిగేది కాదు. భర్త గురించి చెప్పేది. "ఇంట్ల ఉండడక్కా. పొద్దంత పోయి ఆ ఎండిన చేన్ల కూసుంటడు. పిలిస్తె పలుకడు. తిండి పెడితె తింటడు, పెట్టకుంటె అడుగడు." ఆ రోజుల్లో మా చుట్టుపక్కల పల్లెల్లో ఏమేం జరుగుతున్నాయో ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకసారి మాత్రం, "ఇంట్లో పురుగుల మందు ఏమైనా ఉందా అక్కా?" అని అడిగాను. "పల్లికి కొట్టనీకె తెచ్చిన డబ్బ ఒకటి ఉన్నది. దాసిపెట్టిన," అంది. నేనెందుకు అడిగానో ఆమెకు విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఒక ఉదయం నేను గది తాళం తీస్తుంటే ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది, కాళ్లకు చెప్పులు లేవు.

"నిన్న పొద్దుగాల పోయిండు. రాలే. డబ్బ కూడా కనిపిస్తలేదు."

తాళం అలాగే వదిలేసి దవాఖానకు పరుగెత్తాం. దవాఖాన వరండాలో మందు తాగినవాళ్లను పడుకోబెట్టే మూల ఎక్కడుందో మాకు ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. అక్కడ ఒక కుర్రాడు ఉన్నాడు, ఒక ముసలాయన ఉన్నాడు. ఆమె భర్త లేడు. ఆమె ఆ ముసలాయన మొహం కేసి రెండోసారి వంగి చూసింది, ఆయన తన భర్త కాదని తెలిసి కూడా. ఆ తర్వాత నర్సు చెప్పకముందే మార్చురీ వైపు నడవబోయింది. నేను చేయి పట్టుకుని ఆపి, నేనే వెళ్లి అడిగి వచ్చాను. అక్కడా లేడు.

ఆటో మాట్లాడుకుని కోడేరు వెళ్లాం. చేనులో చూశాం, బావి దగ్గర చూశాం. బావి ఎండిపోయి ఉంది, అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి. నాకు ఎందుకు తోచిందో గానీ, మందులు అమ్మే దుకాణంలో కూడా అడుగుదాం అన్నాను. దుకాణదారు ఆమెను చూడగానే గుర్తుపట్టాడు.

"నిన్న వచ్చిండమ్మా. సీలు తియ్యని డబ్బ వాపస్ తెచ్చిండు. పంటే లేదు, మందెందుకని అన్నడు. నేను వాపస్ తీస్కోనంటె, డబ్బ ఈడనే పెట్టి బస్సు కిరాయన్న ఇయ్యమన్నడు. ఇచ్చిన."

"ఎక్కడికి బస్సు?" అని అడిగాను.

"వనపర్తికన్నడు."

ఆమె అక్కడే దుకాణం మెట్టు మీద కూలబడి ఏడ్చింది. కేసు మొదలయ్యాక ఆమె గొంతెత్తి ఏడవడం నేను చూసింది అప్పుడే. దుకాణదారు లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టాడు.

వనపర్తిలో బీబమ్మ ఇంటికి ఎదురుగా మూసి ఉన్న ఒక షట్టర్ ముందు అరుగు ఉంది. ఆయన ఆ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకుని ఆ ఇంటి తలుపు వైపే చూస్తున్నాడు. పక్కన పళ్లెంలో రొట్టెలు, గ్లాసులో నీళ్లు పెట్టి ఉన్నాయి, ముట్టుకోలేదు. భార్య వెళ్లి భుజం పట్టుకుని ఊపితే, మేం ఎందుకు వచ్చామో తెలియనట్టు చూశాడు.

బీబమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"నిన్నటి సంది గిట్లనే కూసున్నడు బిడ్డా. అడిగితె మాట్లాడడు, పెడితె తినడు. మా పెద్దోడు లేపి పంపియ్యనీకె చూసిండు. కదల్లే. నా ఇంటి ముంగట మనిషి ఉపాసం కూసుంటె నాకు ముద్ద ఎట్ల దిగుతది?" అంది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఏం కావాలె నీకు?"

"చేను నేను చేసిన అని చెప్పు బీబమ్మా," అన్నాడు ఆయన. "అంతే. నేను దొంగ పాలసీ కొనలేదని చెప్పు."

కొడుకు ఇంట్లో లేడు. ఆమె నన్ను లోపలికి పిలిచి, కోర్టులో ఏం చెప్పాలని అడిగింది. జరిగింది చెప్పమన్నాను. ఆమె భయపడే కౌలుదారీ చట్టం సంగతి మళ్లీ మొదటి నుంచి, ఏదీ దాచకుండా వివరించాను. ఈ సాక్ష్యంతో ఆయనకు భూమి మీద హక్కు రాదనే నా అభిప్రాయం అని చెప్పాను, కానీ ఎవరైనా తగాదా లేవదీస్తే ఆమె ఖర్చులు పెట్టుకోవాల్సి రావచ్చు అని కూడా చెప్పాను. కొడుకులు కోపగించుకోరా అని నేనే అడిగాను.

"కోపం చేస్తరు," అంది. "నమాజు చేసేటప్పుడు వీని మొఖమే కనిపిస్తె నేనేం చెయ్యాలె?"

సాధారణంగా అలాంటి కేసుల్లో అఫిడవిట్ సరిపోతుంది. కంపెనీ వకీలు తాను ప్రశ్నలు వేస్తానని పట్టుబట్టాడు. అందుకని ఆమె బురఖా వేసుకుని, చిన్న మనవరాలిని తోడు తీసుకుని పాలమూరు వచ్చింది. ఆమెకు కుర్చీ వేయించారు.

"ఈయన మీ దగ్గర కూలీయా?" అని అడిగాడు వకీలు.

"కూలి కాదు. కౌలుకు చేసిండు."

"కౌలు కాగితం ఉందా?"

"లేదు."

"పహాణీలో సాగు మీ పేరు మీదే ఉంది కదా. అంటే సాగు చేసింది మీరే."

"నాకు మోకాళ్లు నొస్తయి. నేను నాగలి ఎట్ల పడ్త?" అంది ఆమె. హాల్లో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె నవ్వించడానికి అనలేదు.

"ఆ సంవత్సరం మీకు కౌలు ముట్టిందా?"

"సగం విత్తకముందే ఇచ్చిండు. తక్కినది పంట మీద ఇయ్యాలె. పంట లేదు. ఇయ్యకున్నా నేను అడుగలే."

"అంటే నష్టం మీకు కూడా వచ్చింది."

"నాకు వచ్చింది కొంచెం. ఆయనకు వచ్చింది మొత్తం. ఎడ్లు పోయినయి. విత్తనం పోయింది. నా భూమి ఆడనే ఉన్నది."

ఆ ఒక్క జవాబు మీద నేను మిగతా వాదన అంతా నిలబెట్టాను. భూమి వేరు, పంట వేరు అన్నాను. భూమి ఆమెది, విత్తిన పంట ఆయనది. వాన పడకపోతే ఎండేది పంట. కాబట్టి వానతో ఆయనకు ఉన్న సంబంధం జూదగాడి సంబంధం కాదు, పాలసీ పుట్టక ముందు నుంచీ ఉన్న సంబంధం. నష్టాన్ని చేను చూసి కొలవకుండా వాన పాత్రతో కొలవడం అనేది కొలిచే పద్ధతి మాత్రమే, కొలిచే తీరు మారినంత మాత్రాన బీమా పందెం అయిపోదు. హైదరాబాద్‌లో కూర్చుని చేను లేకుండా అదే పాలసీ కొన్నవాడిది పందెం కావచ్చు. ఈయనది కాదు. ఫోరం ఆ వాదనతో ఏకీభవించింది. పాలసీ సొమ్ము వడ్డీతో ఇవ్వమని తీర్పు ఇచ్చింది.

తీర్పు విన్న రోజు భర్త నా కాళ్లకు మొక్కబోతే ఆపాను. భార్య నవ్వింది. ఆమె పళ్లు ఎలా ఉంటాయో నేను చూసింది ఆ రోజే. నా బతుకులో గెలిచాను అనుకున్న రోజుల్లో అది ఒకటి. ఆ సంతోషం తొలకరి దాకా కూడా ఆగలేదు.

కంపెనీ అప్పీలు చేసింది, తర్వాత దాన్ని తానే ఉపసంహరించుకుని డబ్బు పొదుపు సంఘానికి పంపింది. పాలసీని సంఘం ఇచ్చిన అప్పుతో కలిపి అమ్మారు కాబట్టి వచ్చిన డబ్బును సంఘం పాత అప్పు కింద సర్దుకుంది. దంపతుల చేతికి అంటింది చాలా కొద్ది. ఆ తర్వాతి ఏడు ఆ కంపెనీ అమ్మిన వాన పాలసీ దరఖాస్తుతో పట్టాదారు పాసుబుక్కు జతచేయడం తప్పనిసరి అయింది. కౌలు రైతులకు అమ్మడం ఆగిపోయింది. మా కేసు వల్లే అలా చేశారని ఎవరూ నాతో అనలేదు. సంఘంలో పనిచేసే మనిషిని అడిగితే మాత్రం నేల చూపులు చూశాడు.

అప్పటికీ నాకు ధైర్యం పోలేదు. చేసుకోవడానికి ఆ చేను ఉంది కదా, ఈసారి వానలు పడితే తేరుకుంటారు అనుకున్నాను. మొదటి వాన పడ్డాక వాళ్లు అరువు నాగలి మాట్లాడుకుని చేనుకు వెళ్తే, చుట్టూ రాతి కడీలు పాతి, ముళ్ల తీగ లాగి ఉంది. బీబమ్మ కొడుకులు తల్లిని ఒప్పించి భూమిని ఒక బయటి మనిషికి అమ్మేశారు. ఆయన అందులో మామిడి తోట పెట్టబోతున్నాడు. కౌలుదారు హక్కు అడగకముందే వదిలించుకోవడం మంచిదని వాళ్లకు ఎవరో చెప్పారట.

నేను వనపర్తి వెళ్లాను. ఏం అడగాలని వెళ్లానో నాకే తెలియదు. బీబమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"నేను అబద్ధం చెప్పి ఉంటె వాళ్లకు చేను ఉండు గద బిడ్డా," అంది.

అబద్ధం చెబితే కేసు పోయేది, చేను మిగిలేది. నిజం చెబితే కేసు గెలిచింది, చేను పోయింది. ఈ రెండింట్లో ఏది మేలని ఆమె అడుగుతోంది. ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

ఆ దంపతులు పూణే వెళ్లిపోయారు. అప్పట్లోనే అమెరికాలో బ్యాంకులు కూలుతున్నాయని పేపర్లలో వచ్చింది. హైదరాబాద్‌లో వకీళ్లకు ఒక శిక్షణ తరగతి పెట్టి, అందులో అప్పు డెరివేటివ్‌ల గురించి చెప్పారు. ఎవరి అప్పు మీద ఎవరు కాశారో లెక్క తెలియనంతగా కాశారనీ, అప్పు ఇచ్చినవాడికీ ఇవ్వనివాడికీ తేడా చూడనందువల్లే ఇంత దాకా వచ్చిందనీ పాఠం చెప్పిన ఆయన అన్నారు. దాన్ని బీమాగా చూడాలా, పందెంగా చూడాలా అని మమ్మల్ని అడిగారు. చుట్టూ ఉన్నవాళ్లు ఉత్సాహంగా వాదించుకున్నారు. నేను మధ్యాహ్నం భోజనాలప్పుడు లేచి బస్సెక్కి వచ్చేశాను.

ఏడాది దాటాక భార్య నా గదికి వచ్చింది. ఇద్దరూ తిరిగొచ్చారట. పూణేలో ఆయన పరంజా మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, అది వంకరగా అతుక్కుంది. బరువు పనులు చేయలేడు. తెలకపల్లి వైపు ఒకాయన చెలక కౌలుకు ఇస్తానన్నాడని చెప్పి, మడిచిన స్టాంపు కాగితం నకలు ఒకటి చేతికిచ్చింది.

"ఏం రాసిండ్రో చదువక్కా. వేలిముద్ర అయితె ఏసినం."

చదివాను. తాము ఇద్దరూ ఆ భూమిలో కౌలుదారులం కామనీ, పట్టాదారు దగ్గర రోజు కూలీలం మాత్రమేననీ, పంట మీద తమకు ఎలాంటి హక్కూ లేదనీ ఉంది. చదివి ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను.

"అది మాకు ఎరికే," అంది. "గట్ల రాసిస్తెనే ఇస్తమన్నరు. లేకుంటె ఎవరిస్తరు మాకు? కోర్టుకు పోయినోళ్లమని పేరు పడ్డది."

"అక్కా, ఈ కాగితం ఉంటే రేపు పంట మీదేనని ఎవరితోనూ అనలేరు. బీమా కూడా ఇవ్వరు. సర్కారు నష్టపరిహారం వచ్చినా పట్టాదారుకే పోతుంది."

"తెల్సు. కానీ దున్ననీకె ఇచ్చిండు గద."

ఆమె కాగితం తీసుకుని మళ్లీ కొంగు ముడిలో పెట్టుకుంది. ఈసారి ఏం విత్తుతున్నారని అడిగితే, ఆముదం అంది, అది నీళ్లు తక్కువైనా తట్టుకుంటుందని. భర్త ఒక్క చేత్తో దుక్కి చదును చేసే గుంటక పట్టలేడు కాబట్టి తానే తోలుతున్నానని చెప్పింది. బస్సుకు వేళయిందని లేచి, చెప్పులు తొడుక్కుని, ఎండలో బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయింది.